డయాలసిస్ మధ్యలో వదిలేసి 500 కిలోమీటర్లు ఊరికి వెళ్ళిపోతున్నారు, ఎందుకు?

ఆలిస్_అక్క
ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారి టౌను ఆలిస్ స్ప్రింగ్స్‌లో డయాలసిస్ నర్సుగా చేరి ఎనిమిది నెలలైంది, అంతకుముందు విజయవాడలో ఆరేళ్ళు ఇదే పని. ఊరు చిన్నదే, ఎండ మనకి అలవాటే, తెలుగువాళ్ళూ ఉన్నారు, ఆ బాధేం లేదు. నా బాధ వేరే. మా పేషెంట్లలో ఎక్కువమంది అబోరిజినల్ వాళ్ళు, అంటే ఇక్కడి ఆదివాసులు, పడమటి ఎడారి ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్ళలోనో చుట్టాల ఇళ్ళలోనో సర్దుకుంటారు. ఒక పెద్దావిడ ఉంది, వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగున్నర గంటలు. పోయిన నెల వరసగా రెండుసార్లు రాలేదు. ఫోన్ కలవదు. తర్వాత తెలిసింది, ఎవరిదో టొయోటా వెనకాల ఎక్కి వాళ్ళ ఊరు కింటోర్ వైపు వెళ్ళిపోయిందని. ఐదు వందల కిలోమీటర్లు, అందులో చాలా భాగం మట్టి రోడ్డు. ఆరో రోజు వచ్చింది, కాళ్ళు స్తంభాల్లా వాచిపోయి, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చుందట. రక్తంలో పొటాషియం గుండె ఆగిపోయేంతగా పెరిగిందని రిపోర్టు చూసి నా చేతులు వణికాయి. "ఎందుకెళ్ళావమ్మా, ఏమైనా అయితే?" అని నిజంగానే అరిచేశాను. ఆవిడ నా వైపు చూడకుండా "ఙుర్ర" అంది, ఒక్క మాటే. పక్కనున్న మనవరాలు "హోమ్" అని చెప్పింది.

తెలియక కాదు, మెషిన్ ఆపితే ఏమవుతుందో ఆవిడకి నాకన్నా బాగా తెలుసు, వాళ్ళక్క అలాగే పోయింది. అయినా వెళ్తారు, ఈవిడొక్కతే కాదు. ఆ ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి, అసలు ఏముంది అక్కడ?

మెల్‌బోర్న్_మూర్తి
పద్నాలుగేళ్ళుగా ఇక్కడున్నా, ఉన్నమాట చెప్తా, ఎవరూ తిట్టుకోవద్దు. నాలుగు వందల మంది ఉండే ఊరికి, ఐదు వందల కిలోమీటర్ల ఎడారి దాటించి బడి, ఆసుపత్రి, కరెంటు, డయాలసిస్ అన్నీ ఇవ్వడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. మనం ఉద్యోగం కోసం, పిల్లల చదువు కోసం సముద్రాలు దాటి వచ్చాం కదా. ప్రాణం కోసం టౌనుకి రాలేరా?

రాగిసంగటి
మూర్తిగారూ, మీ నాన్నగారు మెల్‌బోర్న్ వచ్చి మూడు వారాలకే టికెట్ మార్చమన్నారని పోయినేడాది మీరే రాశారు. గోదారి చూడకపోతే అన్నం దిగట్లేదన్నారని. మర్చిపోయారా?

మెల్‌బోర్న్_మూర్తి
అది వేరు సంగటీ. ఆయనకి మెషిన్ అవసరం లేదు.

చారుమతి_బ్రిస్బేన్
అక్కా, నువ్వు అడిగిందానికి జవాబు పెద్దదే, ఓపిగ్గా చదువు. నేను యూనివర్సిటీలో ఆరోగ్య పరిశోధన చేసేటప్పుడు ఈ చరిత్ర మీదే రెండేళ్ళు పనిచేశా.

కింటోర్ వైపు వాళ్ళంటే ఎక్కువగా పింటుపి వాళ్ళు. కింటోర్‌కి వాళ్ళ పేరు వలుంగుర్రు. ఎడారిలో నీటిగుంట నుంచి నీటిగుంటకి నడుస్తూ బతికిన జనం, తెల్లవాళ్ళతో చాలా ఆలస్యంగా కలిసినవాళ్ళు. 1950ల్లో, 60ల్లో కరువులొచ్చాయి, పైగా వూమెరా అనే రాకెట్ కేంద్రం నుంచి రాకెట్లు పరీక్షించే దారి వాళ్ళ ఎడారి మీదుగానే. ప్రభుత్వం లారీలేసుకుని వెళ్ళి, చివర్లో 1963 నుంచి 66 దాకా విడతలు విడతలుగా వాళ్ళని తెచ్చి పాపున్యా అనే సెటిల్‌మెంట్‌లో పెట్టింది. ఆలిస్‌కి దాదాపు 240 కిలోమీటర్లు అది. అప్పటి విధానం పేరు అసిమిలేషన్, అంటే అందర్నీ తెల్లవాళ్ళలాగా మార్చెయ్యడం. వరసలో నిలబడి ఒకే హాల్లో భోజనం. నాలుగైదు భాషలవాళ్ళు, ఒకరి నేల మీద ఇంకొకరు, వందలమంది కిక్కిరిసి ఉన్నారు. 1962 నుంచి 66 మధ్య అక్కడ 129 మంది చచ్చిపోయారు. ఊళ్ళో దాదాపు ఆరో వంతు. హెపటైటిస్, మెదడువాపు లాంటివి, చాలావరకు వైద్యం ఉన్న జబ్బులే.

మూర్తిగారూ, "టౌనుకి రండి బతుకుతారు" అని వాళ్ళకి ఒకసారి చెప్పారు. వచ్చారు. ఇదీ జరిగింది.

సింగరేణి_శీను
ఆరో వంతా? చదివి కాసేపు అట్లనే కూసున్న.

మాదిక్కు నల్లమలల చెంచుపెంటలు ఉన్నయి గదా, పులుల కోసం లోపలి పెంటలు ఖాళీ చేపిస్తమని ఎన్నేండ్ల సంది మాట నడుస్తున్నది. పైసలిస్తం, ఇల్లు కట్టిస్తం అంటరు. ఒక ముసలాయనని అడిగిన, "అక్కడ తేనె ఉంటదా బిడ్డా" అన్నడు. నా దగ్గర జవాబు లేకుండె.

ఉద్దానం_కొబ్బరి
నేను ఇక్కడ ఎప్పుడూ రాయను, చదివి పోతాను. ఈరోజు రాయాలనిపించింది.

మాది కవిటి మండలం. మా ఊళ్ళో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు, కారణం ఏంటో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేదు. మా నాన్నకి మొదలైనప్పుడు డయాలసిస్‌కి విశాఖ వెళ్ళాలి. రెండొందల కిలోమీటర్ల పైమాటే. వారానికి రెండుసార్లు, తెల్లారగట్ల లేచి రైలు, జనరల్ బోగీలో కింద తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. వచ్చేటప్పుడు నీరసంతో తల నా ఒళ్ళో పెట్టేసేవాడు. గాజువాకలో గది తీసుకుందాం నాన్నా, అక్కడే ఉందాం అన్నాను. ఒక నెల ఉన్నాడు. ఆ నెలలో మనిషి సగమైపోయాడు. గదికి కిటికీ ఉంది, కిటికీకి ఎదురుగా గోడ ఉంది. "ఈ గోడ చూసుకుంటూ పదేళ్ళు బతికే బదులు తోటలో ఆర్నెల్లు చాల్రా" అనేవాడు. తర్వాత సోంపేటలో, పలాసలో మెషిన్లు పెట్టారు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కొబ్బరిచెట్టు కింద మంచం వేయించుకునేవాడు. మూడేళ్ళు బతికాడు. అవి ఇంటిదగ్గర బతికిన మూడేళ్ళు.

అక్కా, ఆవిడని తిట్టకండి.

ఆలిస్_అక్క
చదివి ఏడ్చాను తమ్ముడూ. నిజమే, అరవకుండా ఉండాల్సింది. మర్నాడు వెళ్ళి సారీ చెప్పాను, ఆవిడ నా చెయ్యి పట్టుకుని "పల్యా" అంది, అంటే పర్లేదు, బాగానే ఉంది అని. మీ నాన్నగారి గోడ మాట నాకు గుర్తుండిపోతుంది, మా యూనిట్‌లో ఆవిడ కుర్చీకి ఎదురుగా కూడా గోడే.

భాషాపిచ్చి
విషయం నుంచి కాస్త పక్కకి. అక్క రాసిన "ఙుర్ర" చూసి ఆగిపోయా. మనం అక్షరాలు దిద్దేటప్పుడు ఙ నేర్చుకుని జన్మలో వాడం, వాళ్ళకి మాట మొదట్లోనే ఙ వస్తుంది. ట, ణ, ళ లాంటి శబ్దాలూ ఉన్నాయి. అచ్చులు అ, ఇ, ఉ మూడే, వాటికి దీర్ఘాలు. ఇంగ్లీషు అక్షరాలకన్నా తెలుగు లిపిలో వాళ్ళ మాటలు చక్కగా ఒదుగుతాయి. ఙుర్ర అంటే ఇల్లొక్కటే కాదు. రాత్రి మంట వేసుకుని పడుకున్న చోటూ ఙుర్రే, తాతముత్తాతల నేల మొత్తమూ ఙుర్రే. మనం "మాది ఫలానా ఊరు" అన్నప్పుడు ఇళ్ళూ చెరువూ శ్మశానమూ అన్నీ కలిపి అంటాం చూడండి, దాదాపు అలా.

ఇంకోటి, వాళ్ళ భాషలో "మామ" అంటే నాన్న. మేనమామని "కమురు" అంటారు.

రాగిసంగటి
నాన్నని మామ అంటే మా ఇంట్లో గొడవలైపోతాయి 😀

కృష్ణలంక_కుర్రోడు
అసలు వాళ్ళు మన ద్రావిడులే కదా, నాలుగు వేల ఏళ్ళ క్రితం ఇక్కడి నుంచి పడవల్లో వెళ్ళారని డీఎన్‌ఏలో తేలింది. వీడియో చూశా. ఆ లెక్కన మన చుట్టాలే.

భాషాపిచ్చి
తమ్ముడూ, సగం కథే చూశావు. 2013లో ఒక జన్యు అధ్యయనం వచ్చింది, సుమారు 4,200 ఏళ్ళ క్రితం భారతదేశం నుంచి కొంత కలయిక జరిగిందని, అక్కడి కొందరి నమూనాల్లో దక్షిణాది ద్రవిడ భాషలవాళ్ళ పోలికలు కనిపించాయని. 2016లో ఇంకో బృందం మగవాళ్ళ వై క్రోమోజోములు పూర్తిగా చదివి చూస్తే అలాంటి ఆనవాలే దొరకలేదు, విడిపోయి 50 వేల ఏళ్ళ పైమాటే అని తేలింది. మొదటిదానికి వీడియోలు వచ్చాయి, రెండోదానికి రాలేదు. వాళ్ళు అక్కడ అన్ని వేల ఏళ్ళుగా ఉన్నవాళ్ళు, వాళ్ళని మన కొమ్మగా చూపించడం నాకు నచ్చదు.

కృష్ణలంక_కుర్రోడు
సరే అన్నా, 2016ది తెలీదు. చుట్టాలు కాకపోయినా బాధ బాధే.

చారుమతి_బ్రిస్బేన్
పాపున్యా దగ్గర ఆపాను కదా, మిగతాది ఇంకా ముఖ్యం.

1971లో జెఫ్రీ బార్డన్ అని ఒక డ్రాయింగు మాస్టారు అక్కడి బడికొచ్చాడు. పిల్లలు ఇసకలో వేళ్ళతో గీసే గీతలు చూసి అవే వెయ్యండన్నాడు, తర్వాత పెద్దవాళ్ళు రంగంలోకి దిగారు. బడి గోడ మీద తేనెచీమ కథ బొమ్మ వేశారు, పాపున్యా నేల కథే అది. 1974లో ఆ గోడకి సున్నం కొట్టినట్టు రంగు పూసేశారు. కానీ 1972లోనే పెయింటర్లు కలిసి పాపున్యా తూలా అని సొంత కంపెనీ పెట్టుకున్నారు, ఇప్పటికీ అది వాళ్ళదే. చుక్కల బొమ్మలని ప్రపంచమంతా చూస్తున్నవి అక్కడ మొదలయ్యాయి.

ఆ బొమ్మలన్నీ వాళ్ళు వదిలేసొచ్చిన చోట్లే. ఫలానా నీటిగుంట, ఫలానా ఇసకదిబ్బ, అక్కడ నడిచిన పూర్వీకుల కథ. పాపున్యాలో కూర్చుని పడమటి నేలని గుర్తు చేసుకుంటూ వేశారు. 1976లో భూమి హక్కుల చట్టం వచ్చింది, 1981లో పింటుపి వాళ్ళు సామాన్లు సర్దుకుని వెనక్కి వెళ్ళి కింటోర్ కట్టుకున్నారు. ఆ తర్వాత ఇంకా పడమటికి, వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్ర సరిహద్దు దాటి కివిర్‌కురా అనే ఊరు. అంటే కింటోర్ పాతకాలం నుంచి మారుమూల మిగిలిపోయిన ఊరు కాదు. తిరిగి వెళ్ళాలని పట్టుబట్టి వెళ్ళినవాళ్ళు కట్టిన ఊరు.

మెల్‌బోర్న్_మూర్తి
ఇది నాకు తెలీదు. మొదట్నుంచీ అక్కడే ఉన్నారేమో అనుకున్నా.

ఒంటరి_లారీ
పెయింటింగుల మాటొచ్చింది కాబట్టి. ఆ పాపున్యా పెయింటర్లలో ఒకాయన, క్లిఫర్డ్ పోసమ్ చపల్‌చారి, 1977లో వేసిన పెద్ద బొమ్మ అప్పట్లో 1,200 డాలర్లకి ఒక బ్యాంకు కొంది. 2007లో వేలంలో 24 లక్షల డాలర్లు. నేషనల్ గ్యాలరీ కొనుక్కుంది. వేసినాయన అప్పటికి ఐదేళ్ళయింది పోయి. మళ్ళీ అమ్మితే 5 శాతం ఆర్టిస్టుకి, వారసులకి ఇవ్వాలనే చట్టం 2010లో గానీ అమలుకి రాలేదు. ఇది తల్చుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

కృష్ణలంక_కుర్రోడు
చుక్కలు పెడితే 24 లక్షల డాలర్లా, తప్పుగా అనుకోకండి, నిజంగానే అర్థం కాక అడుగుతున్నా.

చారుమతి_బ్రిస్బేన్
తప్పేం లేదు. మొదట్లో వేసిన బొమ్మల్లో బయటివాళ్ళకి చూపించకూడని పూజల గుర్తులు పడ్డాయి, చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలు చాలా కోప్పడ్డారు. ఆ తర్వాత వాటిని తగ్గించారు, చుక్కలు దట్టంగా పరిచి కింద కథని కప్పారు. కొన్నవాడికి పైపొరే దక్కుతుంది. మీ అమ్మమ్మ ముగ్గు వేసేటప్పుడు చుక్కల లెక్క తెలిసినవాళ్ళకే ముగ్గు తిరుగుతుంది చూడు, అది గుర్తు తెచ్చుకో. వెల సంగతి నాకు తెలీదు, బొమ్మ ముందు నిలబడితే మాత్రం ఇసక కదులుతున్నట్టుంటుంది.

సింగరేణి_శీను
1984ల ఎడారిల నుంచి వచ్చిన్రు అని చదివిన, తొమ్మిది మంది. అది ఈ ఊరేనా?

చారుమతి_బ్రిస్బేన్
అవును శీనన్నా, కివిర్‌కురా దగ్గర. ఇద్దరు తల్లులు, ఏడుగురు పిల్లలు, లేక్ మకై ఉప్పుసరస్సు పక్కన అప్పటిదాకా పాతపద్ధతిలోనే బతికారు. పేపర్లు "తప్పిపోయిన తెగ" అని రాశాయి. వాళ్ళేం తప్పిపోలేదు, ఎవరి నీటిగుంట ఎక్కడుందో తెలిసి తిరిగినవాళ్ళు, చుట్టాలే వెళ్ళిపోయి ఇరవై ఏళ్ళైంది. రెండేళ్ళకి ఒకాయన మళ్ళీ ఎడారిలోకి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళలో కొందరు పేరున్న పెయింటర్లయ్యారు, ఒకావిడకి 2018లో విన్ ప్రైజు అని ఇక్కడి పెద్ద చిత్రకళా బహుమతి వచ్చింది.

ఇక డయాలసిస్. అక్కా, ఇది నీకోసం. 2000లో కింటోర్, కివిర్‌కురా పెయింటర్లు నాలుగు పెద్ద బొమ్మలు కలిసి వేశారు. ఆడవాళ్ళు వేరే, మగవాళ్ళు వేరే. సిడ్నీలో న్యూ సౌత్ వేల్స్ ఆర్ట్ గ్యాలరీలో వేలం పెడితే, మిగతా బొమ్మలతో కలిపి 10 లక్షల డాలర్ల పైన వచ్చాయి. ఆ డబ్బుతో సొంత సంస్థ పెట్టుకుని 2004లో కింటోర్‌లో డయాలసిస్ మొదలుపెట్టారు. ఎడారిలో అంత దూరాన కుదరదన్న మాట అప్పుడూ వాళ్ళు విన్నారు మూర్తిగారూ, మీరే మొదటివారు కాదు. సంస్థ పేరుకి అర్థం "మన వాళ్ళందర్నీ బాగుచేసుకోవడం". ఆలిస్‌లో వాళ్ళ ఇంటికి ఊదారంగు, అందుకే అందరూ పర్పుల్ హౌస్ అంటారు. ఇప్పుడు పదిహేనుకి పైగా మారుమూల ఊళ్ళలో నడుపుతున్నారు, మెషిన్లు పెట్టిన లారీ కూడా ఉంది. 2018 నవంబరులో మెడికేర్, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా, దీనికని ప్రత్యేక చెల్లింపు పెట్టింది.

ఉద్దానం_కొబ్బరి
బొమ్మలమ్మి మెషిన్లు పెట్టుకున్నారా! మా ఊళ్ళో ఎవరికీ ఈ సంగతి తెలీదు. రేపు మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడతా.

మెల్‌బోర్న్_మూర్తి
ఒప్పుకుంటా, నాకు తెలిసింది తక్కువ. కానీ ఒక ప్రశ్న నిజాయితీగా, ఒక్క సెషన్‌కి అక్కడ ఖర్చెందుకు అంత ఎక్కువ? 2015లో అప్పటి ఆస్ట్రేలియా ప్రధానే కదా, మారుమూల ఊళ్ళలో ఉండటం లైఫ్‌స్టైల్ ఛాయిస్ అనీ, దానికి పన్ను కట్టేవాళ్ళు డబ్బు పెట్టలేరనీ అన్నది.

ఆలిస్_అక్క
అన్నాడు, దానికి ఊళ్ళూ సిటీలూ రోడ్డెక్కాయి కూడా. ఖర్చు సంగతి నేను చెప్తా, ఇది నా పని. ఒక్క మనిషికి ఒక్క సెషన్‌కి మెషిన్‌లో 120 లీటర్ల నీళ్ళు పోతాయి, ఫిల్టరు వదిలేసేవి కలిపితే ఇంకా ఎక్కువ. మామూలు నీళ్ళు పనికిరావు, ఆర్వో పట్టాలి. ఎడారిలో బోరునీళ్ళు ఉప్పు, సున్నం, ఫిల్టర్లు త్వరగా మూసుకుపోతాయి. మధ్యలో కరెంటు పోతే చేత్తో తిప్పి మనిషి రక్తం మనిషికి వెనక్కివ్వాలి. మెషిన్ చెడితే మెకానిక్కు ఐదు వందల కిలోమీటర్లు రావాలి. ఇవన్నీ ఖర్చే, కాదనను.

కానీ ఇటువైపు లెక్క కూడా వెయ్యండి. ఊరికెళ్ళి ఊపిరాడక వచ్చిన ప్రతి మనిషికీ విమానం అంబులెన్సు, ఐసీయూ. ఇక్కడ టౌన్లో చోటు లేక ఎండిపోయిన నదిలో దుప్పటి కప్పుకుని పడుకునేవాళ్ళు. అదీ ఖర్చే కదా. అసలు వీళ్ళకే ఇంత కిడ్నీ జబ్బు ఎందుకంటే షుగరు, చిన్నప్పుడు ఇరుకిళ్ళలో చర్మం మీద పుళ్ళు రావడం, పుట్టేటప్పుడే బరువు తక్కువ, అన్నీ కలిసి. సెటిల్‌మెంట్ బతుకు తెచ్చిన జబ్బుకి వైద్యం కోసం మళ్ళీ ఊరొదలమంటున్నాం.

రాగిసంగటి
ఆ చివరి లైను.

మెల్‌బోర్న్_మూర్తి
ఆలోచిస్తున్నా అక్కా. అన్ని ఊళ్ళకీ కుదురుతుందని ఇప్పటికీ నమ్మను, కానీ "టౌనుకి రాలేరా" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

వేపచెట్టు_నీడ
నేను కూడా నర్సునే, డార్విన్. అక్కా ఒక చిన్న సలహా, కుర్చీలు వేసేటప్పుడు అత్తనీ అల్లుడినీ పక్కపక్కన వెయ్యొద్దు. వాళ్ళలో అత్త, అల్లుడు ఒకరి ఎదుట ఒకరు పడకూడదు, మాట్లాడకూడదు. నేను తెలియక వేశా, ఆయన ఏమీ చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడు, సెషన్ పోయింది. మేము "నాన్ కంప్లయంట్", అంటే చెప్పినట్టు వినని పేషెంటు అని రాసుకున్నాం. తప్పు మాది.

ఆలిస్_అక్క
అయ్యో, పోయిన వారం సరిగ్గా ఇలాగే ఒకాయన వెళ్ళిపోయాడు! రేపే పేర్లు సరిచూస్తా. మనవరాలిని అడుగుతా ఎవరికి ఎవరు ఏమవుతారో.

వేపచెట్టు_నీడ
పోయినవాళ్ళ పేరు కూడా పైకి అనకూడదు. మీ పెద్దావిడ అక్క పేరు ఫైల్లో చూసి అడగబోకండి.

పాటలపిచ్చోడు
ఎవరూ చెప్పలేదు, వారుంపి బ్యాండ్ పాపున్యా వాళ్ళదే. 1983లో అక్కడి లురిట్జా భాషలో రాక్ పాట రికార్డు చేశారు. వినండి.

ఆలిస్_అక్క
మూడు వారాల తర్వాత వస్తున్నా. ఇన్నాళ్ళూ ఈ చర్చ రోజూ చదివాను.

పెద్దావిడకి పది రోజులు ఊళ్ళో చోటు దొరికింది. అక్కడ ఒకాయన వేరే పనికి ఆలిస్ రావడంతో ఆ కుర్చీ ఖాళీ అయ్యింది. పైగా వాళ్ళకి రిలీఫ్ నర్సు కావాలన్నారు, నేను చెయ్యెత్తాను. వాళ్ళ నేలలోకి వెళ్ళడానికి ల్యాండ్ కౌన్సిల్ ఇచ్చే పర్మిట్ కాగితం నిన్న వచ్చింది. గురువారం బయల్దేరుతున్నాం. ఆవిడ అప్పుడే సంచి సర్దేసింది, దుప్పటి, టీ డబ్బా, ఒక్కటే ఎర్ర స్వెట్టరు. దారిలో స్టోర్ దగ్గర ఆపి కంగారూ తోక కొనాలట, ఫ్రీజర్లో రేకు చుట్టి అమ్ముతారు, మంటలో బూడిద కింద కాల్చి నాకు పెడుతుందట. ఉప్పు తక్కువ తినాలని చెప్పబోయి ఊరుకున్నా.

ఏమేం తీసుకెళ్ళాలో చెప్పండి.

ఒంటరి_లారీ
స్పేర్ టైర్లు రెండు, నీళ్ళు మనిషికి ఇరవై లీటర్లు, శాటిలైట్ ఫోను. మందు సీసా పొరపాటున కూడా వద్దు, ఆ ఊళ్ళలో నిషేధం. సందె పడ్డాక బండి నడపొద్దు, రోడ్డు మీద ఒంటెలుంటాయి. 1860లో కరాచీ నుంచి ఓడలో దించారు, ఆ తర్వాతా తెస్తూనే ఉన్నారు, వదిలేసినవి ఎడారంతా పెరిగాయి.

రాగిసంగటి
గోంగూర పచ్చడి తీసుకెళ్ళక్కా. నీకోసం మాత్రమే, ఆవిడకి పెట్టకు, గోంగూరలో పొటాషియం.

ఉద్దానం_కొబ్బరి
ఆవిడ కుర్చీ అక్కడ ఎటువైపు తిరిగి ఉందో చూసి రాయండక్కా.

ఆలిస్_అక్క
ఫోన్ చేసి అడిగాను తమ్ముడూ. కిటికీ వైపే. కొండ కనిపిస్తుందట.